పొగరనుకునేది డిప్రెషన్ కావచ్చు: పిల్లల విషయంలో అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో మానసిక వైద్యుడిగా నేను ఎక్కువగా వినే మాట డిప్రెషన్ కాదు. "పిల్లోడికి పొగరెక్కింది సార్, మీరైనా గట్టిగా చెప్పండి." కావలి నుంచి వచ్చినా, ఉదయగిరి నుంచి వచ్చినా తల్లిదండ్రులు మొదలుపెట్టేది అక్కడే.

అపోహ: డిప్రెషన్ అంటే దిగులుగా మూల కూర్చుని ఏడవడం.

కొందరు అలాగే ఉంటారు. కానీ పిల్లల్లో, టీనేజీలో అది చాలాసార్లు చిరాకుగా బయటపడుతుంది. కంచం తోసేస్తాడు, చెల్లెలి మీద అరుస్తాడు. పరీక్షల్లో ఏమీ తేలని తలనొప్పి, కడుపునొప్పి ఉంటాయి. చేపల పులుసంటే లేచి కూర్చునేవాడు ఇప్పుడు వద్దంటాడు, క్రికెట్ బ్యాట్ మంచం కింద దుమ్ము పడుతుంటుంది. నేను ముందు అడిగేది ఈ బ్యాట్ సంగతే. కోపం అందరికీ వస్తుంది; ఇష్టమైనవి కూడా రుచించకపోవడం వేరు. చిరాకో దిగులో దాదాపు రోజంతా ఉంటూ, నిద్ర, ఆకలి, ఏకాగ్రత కూడా దెబ్బతిని, ఇదంతా రెండు వారాలు దాటితే చూపించాల్సిందే. రక్తహీనత, థైరాయిడ్ వల్ల కూడా నీరసం వస్తుంది కాబట్టి రక్తపరీక్ష రాస్తాం. డబ్బు గుంజడానికి కాదు!

అపోహ: మార్కులు బాగానే వస్తున్నాయిగా.

రావచ్చు. హాస్టల్‌లో ర్యాంకు తెచ్చుకుంటూనే రాత్రిళ్లు నిద్రపోని పిల్లల్ని చూశాను.

అపోహ: అంతా ఆ ఫోన్ వల్లే.

అర్ధరాత్రి దాకా ఫోన్ చూస్తే నిద్ర చెడుతుంది, నిజమే. నిద్ర పట్టకే ఫోన్ పట్టుకునేవాళ్లూ ఉన్నారు. లాక్కునే ముందు ఏది ముందు మొదలైందో అడగండి.

అపోహ: చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే.

పుట్టదు. అడిగితే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా నాన్నా?" అని మెత్తగా, సూటిగా అడగండి. అవునంటే తిట్టకండి, ఒట్టు వేయించుకోకండి, ఒంటరిగా వదలకండి. అదే రోజు డాక్టర్ దగ్గరకు తీసుకురండి. మిరపకో పొగాకుకో తెచ్చిన పురుగుమందు ఇంట్లో ఉంటే పిల్లల చేతికి అందకుండా తాళం పెట్టండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఏ వేళకైనా పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అపోహ: మందులు మొదలుపెడితే జీవితాంతం మింగాలి.

తక్కువ స్థాయిలో ఉంటే కౌన్సెలింగే సరిపోవచ్చు. మందు రాసినా అది మత్తుకు అలవాటు చేసేది కాదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలతోనే ఆ భయం. డిప్రెషన్ మందు గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. 25 ఏళ్లలోపు వారిలో కొందరికి మొదటి వారాల్లో చనిపోవాలనే ఆలోచనలు పెరగవచ్చు. అందుకే త్వరత్వరగా రమ్మంటాం. తగ్గాక కూడా కొన్ని నెలలు వాడి, మెల్లగా తగ్గిస్తాం. బాగుందని మీ అంతట మీరే ఆపేయకండి.

అపోహ: గాలి సోకింది.

కసుమూరు దర్గాకు వెళ్లొచ్చాకే నా దగ్గరకు వచ్చేవాళ్లు తక్కువేం కాదు. వెళ్లొద్దని నేనెప్పుడూ అనను. అక్కడ మనసు కుదుటపడితే మంచిదే. వెళ్లిన రోజు కూడా మాత్ర వేయమని మాత్రం చీటీ మీద రాసిస్తాను.