అక్షరం సరిగ్గానే ఉంది, మడతే తప్పింది

వారసత్వంగా వచ్చే రక్తహీనత తలసేమియా అనగానే, రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే బీటా గ్లోబిన్ జన్యువులో ఎక్కడో ఒక డీఎన్‌ఏ అక్షరం తారుమారై ఉంటుందనుకుంటాం. చాలామంది విషయంలో అది నిజమే. అయితే 1980లో నెదర్లాండ్స్‌లోని ఒక కుటుంబాన్ని పరీక్షించినప్పుడు వేరే సంగతి బయటపడింది. వాళ్ళ రెండు 11వ క్రోమోజోముల్లో ఒకదాని మీద బీటా గ్లోబిన్ జన్యువు మొదటి నుంచి చివరిదాకా చెక్కుచెదరకుండా ఉంది. అయినా మూగబోయింది. జన్యువుకు ఎగువన ఉండాల్సిన సుమారు లక్ష అక్షరాల ముక్క మాత్రం ఎగిరిపోయింది. ఆ మూగ జన్యువునే బయటికి తీసి వేరే కణాల్లో పెట్టి చూస్తే మామూలుగా పనిచేసింది! అంటే రాతలో దోషం లేదు. ఆ రాత ఉన్న డీఎన్‌ఏ దారం మడతపడ్డ తీరులో ఉంది దోషం.

ముందు ఒక చిన్న లెక్క. ఒక్కో కణంలో 46 క్రోమోజోములు, అన్నీ కలిపి సుమారు 640 కోట్ల జతల అక్షరాలు. ఒక జతకూ పక్క జతకూ మధ్య ఎడం 0.34 నానోమీటర్లు. హెచ్చవేస్తే రెండు మీటర్ల పైచిలుకు పొడవు తేలుతుంది. మందం మాత్రం 2 నానోమీటర్లే. ఇదంతా 5 నుంచి 10 మైక్రాన్ల వెడల్పున్న కేంద్రకంలో సర్దుకోవాలి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. సిరిసిల్ల నేతన్న అగ్గిపెట్టెలో పట్టే చీర నేస్తే మనమంతా అబ్బురపడ్డాం. కణానికి ఇంకో షరతు కూడా ఉంది. చీర పెట్టెలో ఉండగానే, మొత్తం విప్పకుండానే, ఏ పువ్వు కావాలంటే ఆ పువ్వు పైకి కనపడాలి. కాలేయ కణానికి ఒక పువ్వు కావాలి, మెదడు కణానికి ఇంకోటి. రెండిట్లోనూ ఉన్నది ఒకే చీర.

మొదటి మడత దగ్గర కాస్త ఆగి చూద్దాం. హిస్టోన్లు అనే ప్రోటీన్లు ఎనిమిది కలిసి నేతగాళ్ళ కండెలాంటి బిళ్ళగా ఏర్పడతాయి. 147 జతల అక్షరాల డీఎన్‌ఏ దాని చుట్టూ 1.65 చుట్లు తిరుగుతుంది. 50 నానోమీటర్ల దారం 11 నానోమీటర్ల బిళ్ళలో ఇమిడిపోయిందన్నమాట. తర్వాత కొంత ఖాళీ దారం, మళ్ళీ ఇంకో కండె. వీటి పేరు న్యూక్లియోజోములు. ఒక్క కణంలో సుమారు 3 కోట్లు ఉంటాయి. దారాన్ని కండెకు పట్టి ఉంచేది విద్యుదావేశం. డీఎన్‌ఏలోని ఫాస్ఫేట్లది రుణావేశం, హిస్టోన్లలోని లైసిన్, ఆర్జినిన్‌లది ధనావేశం. హిస్టోన్లకు బయటికి పొడుచుకొచ్చిన తోకలుంటాయి. ఆ తోకలోని లైసిన్‌కు కణం ఒక ఎసిటైల్ ముక్క తగిలిస్తే దాని ధనావేశం పోతుంది, పట్టు సడలుతుంది, జన్యువును చదివే యంత్రాంగం లోపలికి దూరగలుగుతుంది. ఎసిటైల్ తీసేస్తే మళ్ళీ బిగుసుకుంటుంది.

ఈ బిగింపును సడలించే మందులు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. చర్మానికి వచ్చే ఒక రకం టి-కణ లింఫోమాకు 2006లో అమెరికాలో అనుమతి పొందిన వొరినోస్టాట్, ఎసిటైల్ ముక్కలు తీసేసే ఎంజైములను అడ్డుకుంటుంది. మూర్ఛకు వాడే వాల్‌ప్రొయేట్‌కూ ఈ గుణం ఉంది. అయితే ఈ మందులకు ఒక జన్యువును ఎంచుకుని తెరిచే నేర్పు లేదు. జీనోము, అంటే మొత్తం డీఎన్‌ఏ, పొడవునా ఎక్కడెక్కడో పట్టు సడలిస్తాయి. వాటి దుష్ప్రభావాలను జాగ్రత్తగా కనిపెట్టి ఉండాల్సింది అందుకే.

ఇక అసలు విషయం, కుచ్చిళ్ళు. చీర కట్టేటప్పుడు కుచ్చిళ్ళు పోస్తే, బారెడు దూరంలో ఉన్న రెండు చోట్లు వేలి మందం ఎడంలోకి వచ్చేస్తాయి. కణానికి ఇది ప్రాణావసరం. ఒక జన్యువును పురిగొల్పే స్విచ్చు, అంటే ఎన్‌హాన్సర్, ఆ జన్యువుకు వేల అక్షరాల దూరంలో, ఒక్కోసారి పది లక్షల అక్షరాల దూరంలో ఉంటుంది. రెండూ దగ్గరైతేనే జన్యువు మేలుకుంటుంది. కుచ్చిళ్ళు పోసేది కొహెసిన్ అనే ఉంగరం ఆకారపు ప్రోటీన్. అది దారాన్ని పట్టుకుని తనలోంచి సెకనుకు సుమారు వెయ్యి అక్షరాల చొప్పున లాగుతూ పోతుంది. కుచ్చి అంతకంతకూ పెద్దదవుతుంది. దాన్ని ఆపేది సీటీసీఎఫ్ అనే మరో ప్రోటీన్, పిన్నీసు లాంటిది. ఈ పిన్నీసుకు దిక్కు ఉంటుంది. అది కూర్చునే అక్షరాల వరుస ఎదురుగా తిరిగి ఉంటేనే కొహెసిన్ ఆగుతుంది. ఆ వరుసను కత్తిరించి తలకిందులుగా అతికిస్తే, అక్షరం ఒక్కటీ పోకపోయినా కుచ్చి ఇంకో చోట పడుతుంది.

ఇప్పుడు ఆ డచ్చి కుటుంబం సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. 11వ క్రోమోజోము మీద ఎప్సిలాన్, రెండు గామాలు, డెల్టా, బీటా అనే వరుసలో గ్లోబిన్ జన్యువులుంటాయి. వీటన్నిటికీ ఎగువన, బీటాకు 40 నుంచి 60 వేల అక్షరాల దూరంలో, ఎల్‌సీఆర్ అనే ఉమ్మడి స్విచ్చు ఉంది. బిడ్డ గర్భంలో ఉన్నప్పుడు మొదటి వారాల్లో ఎల్‌సీఆర్ ఎప్సిలాన్ దగ్గరికి, ఆ తర్వాత గామాల దగ్గరికి వంగుతుంది. పుట్టాక బీటా వైపు తిరుగుతుంది. తలసేమియా మేజర్, అంటే దాని తీవ్ర రూపం, ఉన్న పిల్లలు పుట్టగానే బాగానే కనపడి, ఆరు నెలలు దాటాక పాలిపోవడం మొదలయ్యేది ఈ మార్పు వల్లే. గామా నెమ్మదిస్తుంది, దాని స్థానంలో రావాల్సిన బీటా రాదు. డచ్చి కుటుంబంలో పోయిన ముక్కలో ఎల్‌సీఆర్ ఉంది. దాంతో ఆ క్రోమోజోము మీద వంగి వచ్చే కుచ్చే లేదు.

కుచ్చి కారణమా, లేక జన్యువు మేలుకున్నాక పడే ఫలితమా అని చాలాకాలం వాదన నడిచింది. 2014లో ఒక ప్రయోగం దీనికి చక్కని జవాబిచ్చింది. పెద్దవాళ్ళ ఎర్రకణాల మాతృకణాల్లో గామా జన్యువు దగ్గరికి ఎల్‌సీఆర్‌ను కృత్రిమంగా లాగి కట్టేశారు. గామా పెరిగింది, బీటా తగ్గింది. ఒక స్విచ్చు, ఇద్దరు పోటీదార్లు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. 2017లో పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో కొహెసిన్‌ను ఉన్నట్టుండి తీసేస్తే దాని కుచ్చిళ్ళన్నీ విడిపోయాయి, కానీ కొన్ని గంటల వ్యవధిలో చాలా జన్యువుల పని పెద్దగా మారలేదు. 2022లో బతికున్న ఎలుక కణాల్లో ఒక కుచ్చిని కెమెరాతో వెంటాడి చూస్తే, అది పూర్తిగా పడి ఉన్నది కొద్ది సమయమే, పడినప్పుడు నిలిచింది 10 నుంచి 30 నిమిషాలే. అందువల్ల కుచ్చిళ్ళను ఇస్త్రీ మడతల్లా శాశ్వతమని ఊహించుకోకూడదు. పడుతూ విడిపోతూ ఉంటాయి. వాటి ప్రభావం ఎక్కువగా కనపడేది కణం తన పని మార్చుకునేటప్పుడు, అంటే పిండం ఎదిగేటప్పుడు, రక్తకణాలు తయారయ్యేటప్పుడు.

పిండంలో చేతివేళ్ళ సంగతే చూడండి. బొటనవేలి పక్కన ఆరో వేలుతో పుట్టే పిల్లల్లో కొందరికి, వేళ్ళ సంఖ్యను దిద్దే సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువు బాగానే ఉంటుంది. దానికి పది లక్షల అక్షరాల దూరంలో, వేరే జన్యువు కడుపులో దాక్కున్న స్విచ్చులో ఒకే ఒక్క అక్షరం మారి ఉంటుంది. ఆ స్విచ్చే పాముల్లో శిథిలమైపోయింది. వేళ్ళు పొట్టిగా ఉండే ఇంకో రకం కుటుంబాల్లో 2015లో కనుగొన్నది మరీ విచిత్రం. రెండు పొరుగు ప్రాంతాల మధ్య ఉండే పిన్నీసుల సరిహద్దు ఊడిపోయింది. ఒక జన్యువు కోసం ఉద్దేశించిన స్విచ్చు గోడ దూకి పక్కనున్న పాక్స్3 అనే జన్యువును, అది నిద్రపోవాల్సిన చోట, లేపేసింది.

క్యాన్సర్‌లోనూ ఇదే కథ. అక్యూట్ మైలాయిడ్ లుకేమియాలో ఒక రకంలో 3వ క్రోమోజోములోని ఒక ముక్క తలకిందులవుతుంది. ఆ తిరగబాటుతో గాటా2 జన్యువు స్విచ్చు దాన్ని వదిలి ఈవీఐ1 అనే ఇంకో జన్యువు పక్కన చేరుతుంది. ఒక జన్యువుకు తిండి తగ్గింది, ఇంకోదానికి మితిమీరింది. మెదడులో వచ్చే గ్లయోమా అనే కణుతుల్లో కొన్నిటిలో అయితే క్రోమోజోము విరగనే అక్కర్లేదు. ఐడీహెచ్ అనే ఎంజైములో మార్పు వల్ల కణంలో ఒక వింత రసాయనం పేరుకుంటుంది. డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తులను చెరిపే ఎంజైములకు అది అడ్డుపడుతుంది. మిథైల్ పేరుకున్న చోట సీటీసీఎఫ్ కూర్చోలేదు. పిన్నీసు జారిపోయి, పక్క ప్రాంతపు స్విచ్చు కణం పెరుగుదలను ఉసిగొల్పే పీడీజీఎఫ్ఆర్ఏ జన్యువును తాకుతుంది.

దారం కేంద్రకంలో ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యమే. వాడకంలో లేని భాగాలను కణం ఎక్కువగా కేంద్రకం అంచున, లామిన్ ప్రోటీన్ల అల్లికకు ఆనించి ఉంచుతుంది. ప్రొజీరియా అనే అకాల వార్ధక్య వ్యాధిలో లామిన్ ఏ జన్యువులో 1824వ అక్షరం సి బదులు టి అవుతుంది. ఆ ఒక్క మార్పుతో ప్రోటీన్ 50 అమైనో ఆమ్లాలు పొట్టిగా తయారై అంచుకు అతుక్కుపోతుంది. కేంద్రకం గుండ్రటి రూపం చెడి బుడిపెలు కడుతుంది, అంచున బిగిసి ఉన్న డీఎన్‌ఏ వదులైపోతుంది. హైదరాబాద్‌కు ఈ రంగంతో సొంత సంబంధం ఉంది. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో వీణా పర్నాయక్ లామిన్ల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. అక్కడే రాకేశ్ మిశ్రా బృందం పండు ఈగల్లో శరీర భాగాల వరుసను దిద్దే హాక్స్ జన్యువుల మధ్య సరిహద్దులను పరిశోధించింది.

చికిత్సలో ఈ జ్ఞానం ఎంత దూరం వచ్చిందో తలసేమియాలోనే చూడొచ్చు. నగరంలో శివరాంపల్లిలోని తలసేమియా, సికిల్ సెల్ సొసైటీకి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవడానికి వచ్చే పిల్లలకు గామా జన్యువు ఆరోగ్యంగానే ఉంది. దాన్ని మూసి ఉంచేది బీసీఎల్11ఏ అనే ప్రోటీన్. 2023 నవంబరులో బ్రిటన్‌లో అనుమతి పొందిన క్యాస్‌జెవీ చికిత్స గ్లోబిన్ జన్యువుల జోలికే పోదు. రోగి మూలకణాలను బయటికి తీసి, 2వ క్రోమోజోము మీద బీసీఎల్11ఏను ఎర్రకణాల్లో మాత్రమే నడిపే ఎన్‌హాన్సర్‌ను క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో తెంచుతారు. జన్యువును కాక స్విచ్చును తెంచడంలోనే తెలివి ఉంది. ఇతర కణాల్లో ఆ ప్రోటీన్ అవసరం, అక్కడ దానికేమీ కాదు. కష్టమంతా తర్వాతి మెట్టులో ఉంది. సరిచేసిన కణాలకు చోటివ్వడానికి బుసల్ఫాన్ అనే మందుతో పాత ఎముక మజ్జను ఖాళీ చేయాలి. అది మామూలు మజ్జ మార్పిడి అంత భారమే.

ఇక రిపోర్టుల సంగతి. ఏ పరీక్ష ఏ మడతను చూస్తుందో తెలియకపోతే "నార్మల్" అన్న మాట తప్పుదారి పట్టిస్తుంది. క్యారియోటైప్ క్రోమోజోములను కంటితో చూసే పరీక్ష. రక్తం ఆకుపచ్చ మూత ఉన్న సోడియం హెపారిన్ ట్యూబులో తీయాలి. ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబులో తీస్తే కణాలు సరిగా పెరగవు, ఫ్రీజర్‌లో పెడితే చచ్చిపోతాయి. రక్తంలోని లింఫోసైట్లు వాటంతట అవి విభజన చెందవు, రాజ్మా గింజల నుంచి తీసిన పీహెచ్ఏ వేసి పురిగొల్పాలి. 37 డిగ్రీల దగ్గర 72 గంటలు పెంచి, కాల్సెమిడ్‌తో విభజనను మధ్యలో ఆపి, 0.075 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉబ్బిస్తారు. ఎక్కువసేపు ఉబ్బితే కణం పగిలి క్రోమోజోములు చెల్లాచెదురై లెక్క 46కు రాదు. తక్కువైతే ఒకదాని మీద ఒకటి కుప్పపడతాయి. స్లైడు మీద చుక్క ఆరే వేగం కూడా ముఖ్యం. మన ఏప్రిల్, మే నెలల పొడి గాలిలో చుక్క తొందరగా ఆరిపోయి క్రోమోజోములు విచ్చుకోవు. అందుకే గదిలో తేమ చూసుకుంటారు. ఇంత చేసినా సుమారు 50 లక్షల అక్షరాల కంటే చిన్న మార్పు కంటికి ఆనదు. మైక్రోఅరే అంతకన్నా చిన్న లోపాలను, అదనాలను పడుతుంది కానీ, ముక్క పోకుండా తలకిందులైతే దానికి తెలియదు. ఎక్సోమ్ పరీక్ష చదివేది జీనోములో 2 శాతం లోపే. స్విచ్చులు, పిన్నీసులు ఎక్కువగా మిగిలిన 98 శాతంలోనే ఉన్నాయి.

ఎల్‌సీఆర్ పోయిన మనిషి మామూలు తలసేమియా స్క్రీనింగులో ఎలా జారిపోతాడో చూడండి. సాధారణంగా తలసేమియా జన్యువు ఒక్కటే మోసే క్యారియర్‌కు ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) 80 కంటే తక్కువ, హిమోగ్లోబిన్ రకాలను కొలిచే హెచ్‌పీఎల్‌సీలో హెచ్‌బీ ఏ2 అనే హిమోగ్లోబిన్ రకం 3.5 శాతం కంటే ఎక్కువ ఉంటుంది. ఎల్‌సీఆర్ పోతే బీటాతోపాటు దాని పక్కనున్న డెల్టా కూడా మూగబోతుంది. ఏ2 తయారయ్యేది డెల్టాతోనే, కాబట్టి అది పెరగదు. ఎంసీవీ తక్కువ, ఏ2 నార్మల్, బీటా జన్యువు సీక్వెన్సింగ్ నార్మల్. అలాంటి వాళ్ళకు ఏళ్ళ తరబడి ఐరన్ మాత్రలు రాస్తూ పోతుంటారు. ముందుగా ఒంట్లోని ఇనుము నిల్వను చూపే ఫెర్రిటిన్ చూడాలి, ఎందుకంటే ఇనుము లోపం కూడా ఏ2ను తగ్గించి చూపిస్తుంది. ఫెర్రిటిన్ సరిగ్గా ఉండి కూడా ఎంసీవీ తక్కువే ఉంటే, ఆ మనిషి పుట్టిన కొత్తలో రక్తహీనత వచ్చి, రక్తం ఎక్కించాల్సి వచ్చి, కొన్ని నెలలకు దానంతటదే సర్దుకుందేమో ఇంట్లో పెద్దవాళ్ళను అడగాలి. గర్భంలో గామా కూడా అదే స్విచ్చు మీద ఆధారపడుతుంది కాబట్టి ఇది మంచి ఆనవాలు. అప్పుడు జెనెటిక్స్ డాక్టరును అడగాల్సిన, పోయిన డీఎన్‌ఏ ముక్కలను పట్టే పరీక్ష పేరు ఎంఎల్‌పీఏ, ఆల్ఫా గ్లోబిన్‌కూ బీటా గ్లోబిన్ గుంపుకూ రెండిటికీ, ఎల్‌సీఆర్ ప్రోబులతో సహా. దానికి ఊదారంగు మూత ట్యూబు సరిపోతుంది.