అంబాసిడర్ ముందు చక్రాల గొడవ ఎక్కడ మొదలైంది

మా బాబాయి దగ్గర 1972 నాటి మార్క్ 2 అంబాసిడర్ ఉంది. ఆర్నెల్లుగా ఆయనది ఒకటే పట్టు, ముందు సస్పెన్షన్ (చక్రాల కుదుపు మింగే ఏర్పాటు) మొత్తం పీకించేసి ఏదైనా కొత్త కారుది, కాయిల్ స్ప్రింగులతో ఉన్నది, వేయించాలని. బండి ఎడమ పక్కకి ఒరిగి నడుస్తోంది, బ్రేకు కొడితే ముక్కు దించేస్తోంది, గుంతలో పడితే స్టీరింగ్ చేతుల్లో గిలగిల్లాడుతోంది. విజయవాడ ఆటోనగర్‌లో ‘చేసేద్దాం సార్’ అనేవాళ్లు దొరికారు. వద్దన్నది ఒక్క పెద్ద మేస్త్రీ. ఆయన ఎందుకు వద్దన్నాడో అర్థం కావాలంటే కాస్త పాత సంగతుల్లోకి వెళ్లాలి.

1930ల ముందు చాలా కార్లకి ముందు కూడా ఎడ్లబండిలాగా ఒకటే ఇరుసు, కింద కమాను పట్టీలు. ఒక చక్రం రాయెక్కితే రెండోదీ వంగేది, వేగం పెరిగితే రెండూ వణికేవి. ఆ జబ్బు వదిలించుకోవడానికి ఒక్కో కంపెనీ ఒక్కో దారి పట్టింది. 1934లో సిట్రోయెన్ తన ట్రాక్షన్ అవాంట్‌కి టార్షన్ బార్లు (మెలిపడే ఉక్కు కడ్డీలు) పెట్టింది. ఇంగ్లండ్‌లో అలెక్ ఇసిగోనిస్ (తర్వాత మినీ చేసింది ఈయనే) 1948లో మోరిస్ మైనర్‌కి ఆ పద్ధతే వాడాడు, అదే ఏడాది వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కీ అదే వచ్చింది. ఆ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ని హిందుస్థాన్ మోటార్స్ 1957లో బెంగాల్లోని ఉత్తరపారాలో అంబాసిడర్ పేరుతో మొదలుపెట్టింది. మన ప్రకాశం బ్యారేజీ మీద బళ్లు తిరగడం మొదలైందీ ఆ ఏడాది చివర్లోనే, ఇద్దరూ ఒక ఈడు వాళ్లు.

టార్షన్ బార్ అంటే పొడుగాటి స్ప్రింగు ఉక్కు కడ్డీ, అంతే. తడి టవల్ పిండేటప్పుడు చేతికి ఎదురు తంతుంది చూడండి, పని అదే. ముందు కొన చక్రం మోసే కింది ఆర్మ్‌కి, వెనక కొన క్యాబిన్ నేల కింద అడ్డంగా ఉండే ఉక్కు మెంబర్‌కి బిగించి ఉంటాయి. చక్రం పైకి లేస్తే కడ్డీ మెలిపడుతుంది, వదిలితే తిరిగొస్తుంది. అంటే ముందు చక్రాల మీద పడే దెబ్బ మడ్‌గార్డు దగ్గర కాకుండా బండి నడుముకి చేరుతుంది. బాబాయికి ఎంత చెప్పినా ఎక్కనిది ఇదే. 1983లో వచ్చిన మారుతి 800లాంటి కార్లలో మాక్‌ఫర్సన్ స్ట్రట్ (కాయిల్ స్ప్రింగు, షాకబ్జరు ఒకటిగా కలిసిన నిలువు గొట్టం) ఉంటుంది, అది తన భారమంతా పైన, మడ్‌గార్డు లోపలి బుడిపె మీద మోపుతుంది. ఆ బరువు మోయడానికని అక్కడ రేకు మందంగా కట్టారు. అంబాసిడర్‌లో అక్కడ ఆ బలమే లేదు, స్ట్రట్ తెచ్చి వెల్డింగ్ చేస్తే పోను పోను రేకు చీలుతుంది. ప్రీమియర్ పద్మినికి, అంటే ఫియట్ 1100కి, మొదట్నుంచీ కాయిల్ స్ప్రింగులే, కానీ దాని బాడీ దానికి తగ్గట్టే చేశారు.

మరి ఒరగడం ఎందుకంటారా? అరవై ఏళ్లుగా వీటి మీద మనం ఎక్కించిన బరువులూ తక్కువవి కావు. డీజిల్ చవకని చాలా పెట్రోల్ అంబాసిడర్లలో డీజిల్ ఇంజిన్లు వేయించారు, అవి బరువైనవి, కడ్డీలు మాత్రం పాతవే. దీనికి లావు కడ్డీ వేస్తే సరిపోతుందనేవాళ్లూ ఉన్నారు, కానీ కడ్డీ గట్టిదనం దాని వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, 20 మిల్లీమీటర్ల కడ్డీ బదులు అదే పొడవున్న 22ది వేస్తే ఏకంగా 46 శాతం బిగుసుకుంటుంది, ఆపైన ప్రతి గుంతా నడ్డి మీదే. పైగా ఎడమ కడ్డీ కుడికి వేయకూడదు, ఒక్కోటి ఒక్కో దిక్కుకి మెలితిప్పి సిద్ధం చేసి ఉంటుంది. విప్పేటప్పుడు గుర్తు పెట్టుకోకపోతే ఇక అంతే.

చట్టం గొడవ ఒకటుంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన బండికి ఆ హోదా దొరుకుతుంది, కానీ ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్ మార్చి ఉండకూడదు. స్ట్రట్ కోసం లోపలి రేకు కోస్తే అది బాడీ మార్చడం కాదని ఎవరు ఒప్పుకుంటారు? ఆ ముక్క విన్నాక బాబాయి కాస్త మెత్తబడ్డాడు, హోదా మీద మోజు మరి.

చివరికి మేస్త్రీ చేసింది చూస్తే నవ్వొస్తుంది. జాకీ ఎత్తి, చక్రం కింద గడ్డపార పెట్టి లేపితే చక్రం వేలెడు ఊగింది. ‘కడ్డీ బాగానే ఉంది బాబుగారూ, రబ్బరు బుష్‌లు పిండైపోయాయి’ అన్నాడు. కొత్త బుష్‌లు, కొత్త షాకబ్జర్లు, ఏళ్ల తరబడి ఎవరూ తాకని నిపుల్స్‌కి గ్రీజు. బండి దించి, మడ్‌గార్డు అంచు నుంచి టైరు దాకా బెత్త పెట్టి కొలిచాడు. ఎడమ పక్క ఇంకా రెండు వేళ్లు తక్కువ. ‘కడ్డీ వెనక కొనకి పళ్లుంటాయి, ఎత్తు సరిచేయాలంటే ఒక పన్ను తిప్పాలి’ అంటూ మళ్లీ కిందికి దూరాడు.