బ్లోఫెల్డ్ పంచాయితీ: విలన్ల లొల్లి వెనుక కోర్టు కథ

కొత్త బాండ్ సినిమా మాట ఎత్తితే చాలు, హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట నిట్ హాస్టళ్ల దాకా ఒకటే లొల్లి: ఈసారి విలన్ ఎవరు? 2025 ఫిబ్రవరిలో సిరీస్ పగ్గాలు అమెజాన్ ఎంజీఎం స్టూడియో చేతికి పోతున్నట్టు ప్రకటన వచ్చింది. జూన్‌లో దర్శకుడిగా డెనీ విల్నవ్ పేరు చెప్పారు. బెస్ట్ విలన్, చెత్త విలన్ జాబితాలు మళ్లీ బయటికొచ్చాయి. బాండ్ పాత శత్రువు, స్పెక్టర్ ముఠాపెద్ద బ్లోఫెల్డ్‌ను తిరిగి తేవాల్సిందేనని ఒక వర్గం, ఆ గుండునూ తెల్లపిల్లినీ ఇకనైనా వదిలెయ్యమని ఇంకో వర్గం. ఈ పంచాయితీ వేరు మాత్రం 1963 నవంబరులో, లండన్ హైకోర్టులో ఉంది.

కోర్టుకు పోయిన సినిమా మనిషి కెవిన్ మెక్లోరీ వాదన ఇది. 1959లో బాండ్ నవలల రచయిత ఇయాన్ ఫ్లెమింగ్, తాను, రచయిత జాక్ విటింగమ్ కలిసి నేరుగా సినిమా కోసమే ఒక బాండ్ కథ కట్టారు. సినిమా పట్టాలెక్కలేదు. ఫ్లెమింగ్ అదే కథను 1961లో ‘థండర్‌బాల్’ నవలగా తన ఒక్కడి పేరుతో అచ్చేశాడు. స్పెక్టర్ ముఠా, దాని పెద్ద బ్లోఫెల్డ్ పాఠకుడికి మొదట కనబడింది ఆ నవలలోనే. తమ కష్టాన్ని ఎత్తుకుపోయాడని మెక్లోరీ కోర్టుకెక్కాడు. విచారణ మధ్యలోనే రాజీ కుదిరింది: ఆ కథ సినిమా హక్కులు మెక్లోరీకి, తర్వాతి ముద్రణల్లో ముగ్గురి స్క్రీన్ కథ ఆధారమన్న మాట. మన ఫిల్మ్ చాంబర్లో టైటిల్ గొడవలు చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ఇక్కడ తేడా ఒకటే, పోయింది టైటిల్ కాదు, విలన్.

బాండ్ సిరీస్ నిర్మాతలు అప్పటికే ముడి బిగించుకుని ఉన్నారు. డాక్టర్ నో నవలలో రష్యన్ల మనిషి. ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ నవలలో కుట్రంతా సోవియట్ సంస్థ స్మెర్ష్‌ది. సినిమాలకు వచ్చేసరికి రెండు చోట్లా స్పెక్టర్‌ను పెట్టారు. ఒకే శత్రువు అన్ని సినిమాల్లో నడిస్తే కథ అల్లడం తేలిక. కానీ ఆ శత్రువు మీద పక్కవాడికి హక్కుందని తేలితే మొత్తం దారమే వాడి చేతిలో పడుతుంది. 1965లో మెక్లోరీని నిర్మాతగా పెట్టుకుని ‘థండర్‌బాల్’ తీశారు. పదేళ్లదాకా ఆ కథను మళ్లీ తీయనని ఆయన ఒప్పుకున్నాడు.

పదేళ్లూ గడిచాయి. ‘ద స్పై హూ లవ్డ్ మీ’ తొలి స్క్రిప్టుల్లో స్పెక్టర్ ఉంది. మెక్లోరీ అడ్డుపడ్డాడు. నిర్మాత బ్రోకలీ దాన్ని తీసేయించాడు. 1977లో తెరమీదికి వచ్చింది స్ట్రోమ్‌బెర్గ్.

ఈ పాత్ర ఎందుకు నిలబడలేదో చూస్తే విలన్ల లెక్క సగం తెలుస్తుంది. ముఠాపెద్ద చేసే పనులన్నీ అతనికే మిగిలాయి: బల్ల దగ్గర కూర్చోవడం, బటన్ నొక్కడం, లిఫ్ట్ అడుగు తెరిచి మనిషిని సొరచేపకు వేయడం. పథకం కూడా పాతదే. 1967 బాండ్ సినిమాలో అంతరిక్షనౌకలను మింగే నౌక, ఇక్కడ జలాంతర్గాములను మింగే ట్యాంకర్. బ్లోఫెల్డ్‌కైతే వెనుక పాత సినిమాల భయం ఉంది, స్ట్రోమ్‌బెర్గ్‌కు అదీ లేదు. అందుకే జనానికి ఉక్కుపళ్ల జాస్ గుర్తున్నాడు, యజమాని గుర్తులేడు. 1979లో డ్రాక్స్ అదే పథకాన్ని సముద్రం నుంచి ఆకాశానికి మోశాడు.

అసలు మలుపు దీని తర్వాతే. స్పెక్టర్ పేరు వాడే వీల్లేక ప్రతి విలన్‌కూ సొంత కారణం వెతకాల్సి వచ్చింది. 1989లో సాంచెజ్‌కు డబ్బు కన్నా విధేయత ముఖ్యం, బాండ్ దాన్నే పట్టుకుని అతని మనుషుల మీద అతనికే అనుమానం పుట్టిస్తాడు. 1995లో ట్రెవెల్యన్ ఒకప్పటి తోటి ఏజెంట్. 2006లో లె షిఫ్ర్ ఇతరుల సొమ్మును షేర్లలో పెట్టి పది కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకున్నవాడు, పేకాట బల్ల దగ్గర బాండ్ కన్నా అప్పులవాళ్లంటేనే అతనికి ఎక్కువ వణుకు. 2012లో సిల్వా దాదాపు సగం సినిమా దాకా కనిపించడు. లిఫ్టు దిగి, కుర్చీకి కట్టేసిన బాండ్ వైపు ఆ పొడవాటి గది అంతా నడుస్తూ, డ్రమ్ములో పడి ఒకదాన్నొకటి తినే ఎలుకల కథ చెబుతాడు. షాట్ తెగదు. తుపాకీ లేదు, బటన్ లేదు, పగ మొత్తం బాండ్ పైఅధికారి ఎం మీద.

నిర్మాతల పక్షం వాదన చిన్నదే: సిరీస్‌ను నిలబెట్టింది తామని, మెక్లోరీ ఒక్క కథ పట్టుకుని బతికాడని. 1981లో పేరు చెప్పకుండా వీల్‌చైర్‌లో ఒక గుండువాణ్ణి, పిల్లితో సహా చూపించి, ఫ్యాక్టరీ చిమ్నీలో పడేశారు. మెక్లోరీ జవాబు 1983లో పాత బాండ్ షాన్ కానరీతో తీసిన పోటీ బాండ్ సినిమా. అదే ఏడు అసలు సిరీస్ ఉదయ్‌పూర్‌లో తీసిన ‘ఆక్టోపసీ’తో వచ్చింది. అందులో కబీర్ బేడీ పాచికలను పిడికిట్లో పిండిచేసే సీను మన దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రధాన విలన్ కమల్ ఖాన్ అంత గుర్తులేడు.

బ్లోఫెల్డ్ కావాలనేవాళ్లు మర్చిపోయేది ఒకటుంది. అతను కనిపించిన తొలి రెండు సినిమాల్లో చేతులు, పిల్లి, గొంతు మాత్రమే. 1967లో ముఖం చూపించాక నాలుగేళ్లలో ముగ్గురు నటులు మారారు: ప్లెజెన్స్, సవాలస్, గ్రే. నవలల వరుస తిరగేసి తీయడంతో, 1967లో బాండ్‌ను ఎదురుగా చూసినవాడు 1969లో గుర్తుపట్టడు. మన ఊళ్లకు ఇంగ్లిష్ సినిమాలు వరుస లేకుండా వచ్చే రోజుల్లో దీన్ని ఎవరూ పట్టించుకోలేదు.

2006లో మెక్లోరీ పోయాడు. 2013 నవంబరులో సిరీస్ వాళ్లు అతని వారసుల నుంచి హక్కులు కొన్నారు, 2015లో ‘స్పెక్టర్’ వచ్చింది. నీ బాధలన్నిటికీ కర్తను నేనేనని బ్లోఫెల్డ్‌గా వాల్ట్జ్ ఒక్క మాట అనేసరికి లె షిఫ్ర్, సిల్వా అందరూ అతని కింది ఉద్యోగులైపోయారు. సిల్వా పగకు సొంత కారణం చెడింది. పైగా బాండ్‌తో అన్నదమ్ముల బంధం ఒకటి తగిలించారు. 2021లో బ్లోఫెల్డ్‌ను జైల్లో ఒక్క సీనులో చంపేసి కొత్త విలన్ సాఫిన్‌ను పెట్టారు. ప్రపంచం మీద అతని కోపం ఎందుకో సినిమా అయిపోయాకా అర్థంకాదు.

ఇప్పుడు మన చట్టం లెక్క. ఇండియాలో కాపీరైట్ రచయిత పోయాక 60 ఏళ్లు. ఫ్లెమింగ్ పోయింది 1964లో, కాబట్టి బతికుండగా ఒంటరిగా రాసి అచ్చేసిన నవలలు 2025 జనవరి 1 నుంచి ఇక్కడ స్వేచ్ఛ. ట్రేడ్‌మార్కులు వేరే సంగతి. లె షిఫ్ర్, గోల్డ్‌ఫింగర్ కనిపించే నవలలు ఆ లెక్కలోకి వస్తాయి. ఉమ్మడి రచనకు మాత్రం చివరగా పోయిన రచయిత నుంచి లెక్క మొదలవుతుంది. ‘థండర్‌బాల్’ ఉమ్మడిదని ఎవరైనా పట్టుబడితే, మెక్లోరీ లెక్కన బ్లోఫెల్డ్ 2066 చివరిదాకా ఆగాలి.