చెవి పైఅంచుకు కాలవ లేదు

మా మేనకోడలు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. పోయిన నెల స్నేహితురాళ్లతో కలిసి బెజవాడ బీసెంట్ రోడ్డుకు చున్నీ కొనుక్కుందామని వెళ్లి, ఎడమ చెవి పైఅంచున తెల్లరాయి పోగుతో తిరిగొచ్చింది. ముందుగా అనుకుని చేసిన పని కాదు. ఒక చిన్న దుకాణంలో ఇంకో అమ్మాయి కుట్టించుకుంటుంటే చూసింది, ముచ్చటేసింది, తనూ కూర్చుంది. గన్ను పెట్టి నొక్కారు, టక్కుమంది, అయిపోయింది.

తొమ్మిదో రోజు రాత్రి ఫోన్ చేసింది. "అత్తా, చిన్నప్పుడు తమ్మెలకు కుట్టిస్తే ఇట్టే మానిపోయాయని నానమ్మ చెబుతుంది. అదే చెవి, అదే చర్మం. పైన కుట్టినది ఎందుకు మానట్లేదు? దిండు తగిలినా ప్రాణం పోతోంది."

అదే చెవి కాదమ్మా! తమ్మె వేరు, పైఅంచు వేరు. ఈ తేడా వెనకున్న సంగతి శరీరశాస్త్రం మొత్తంలో నాకు చాలా ఇష్టమైన వాటిలో ఒకటి.

చెవి పైఅంచును వేలితో మడిచి వదలండి. స్ప్రింగులా వెనక్కి వస్తుంది. తమ్మెను మడిచి చూడండి, మెత్తగా వేలాడుతుంది. తమ్మెలో ఉన్నది కొవ్వు, పీచు కణజాలం, వాటి నిండా రక్తనాళాలు. పైభాగంలో చర్మం కింద ఉన్నది మృదులాస్థి, అంటే వంచితే వంగే కార్టిలేజ్. అందులో ఒక్క రక్తనాళం కూడా లేదు. కణాలు మాత్రం ఉన్నాయి, బతికే ఉన్నాయి. వాటికి తిండి ఎలా అందుతోంది?

బెజవాడ వాళ్లకు ఇది చెప్పడం తేలిక. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు కాలవల్లోకి మళ్లుతాయి. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ ఊళ్లోంచే పోతాయి. వాటినుంచి పిల్లకాలవలు, వాటినుంచి బోదెలు, బోదె నుంచి మడి. మన శరీరంలో దాదాపు ప్రతి కణానికీ ఇలా గుమ్మం ముందు బోదె ఉంటుంది. ఏ కణమైనా అతిసన్నని రక్తనాళానికి మహా అయితే మిల్లీమీటరులో పదో వంతో, ఐదో వంతో దూరంలో ఉంటుంది. మృదులాస్థి మాత్రం బోదె లేని మడి. గట్టు మీద కాలవ పారుతుంది, మడిలోకి చెమ్మ ఊరుతుంది, ఆ చెమ్మతోనే పైరు బతకాలి. ఆ గట్టు పేరు పెరికాండ్రియం. మృదులాస్థిని రెండు వైపులా గట్టిగా అంటిపెట్టుకుని ఉండే పలచని పొర అది. రక్తనాళాలు అక్కడిదాకా వచ్చి ఆగిపోతాయి.

ఈ చెమ్మ ఊరడాన్నే వ్యాపనం అంటాం. గ్లాసుడు నీళ్లలో సిరాచుక్క వేసి అది పాకడం చూపించే ప్రయోగం మనమందరం బడిలో చేశాం. నేను సైన్సు చెప్పిన రోజుల్లోనూ ఏటా చేయించాను. కానీ అందులోని అసలు రహస్యాన్ని మన పాఠాలు వదిలేస్తాయి, అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. వ్యాపనానికి పట్టే కాలం దూరంతో సమానంగా పెరగదు, దూరం వర్గంతో పెరుగుతుంది. దూరం పదింతలైతే కాలం వందింతలు. లెక్క వేసి చూడండి. మామూలు నీళ్లలో ఒక గ్లూకోజ్ అణువు మిల్లీమీటరులో పదో వంతు దూరం పాకడానికి సుమారు 7 సెకన్లు చాలు. ఒక మిల్లీమీటరుకు 12 నిమిషాలు. ఒక సెంటీమీటరుకు 20 గంటల పైన! గుండె, రక్తనాళాలు అనే ఇంత పెద్ద ఏర్పాటు శరీరానికి అవసరమైంది ఈ వర్గం లెక్క వల్లనే. చెవి మృదులాస్థి ఒక మిల్లీమీటరు అటూ ఇటూ మందం ఉంటుంది. మందం పెరిగేకొద్దీ మధ్యలో కణాలకు గడవడం కష్టమవుతుంది. పలచగా ఉండి, తక్కువ తిని బతకడం నేర్చుకుంది కాబట్టే అది నిలబడింది.

పైగా అది ఉత్త నీళ్లలాంటి దారి కాదు. టైప్-2 కొల్లాజెన్ అనే ప్రొటీన్ దారాలు, సాగే ఎలాస్టిన్ దారాలు, వాటి మధ్య ఆగ్రికాన్ అనే భారీ అణువులు కిక్కిరిసి ఉంటాయి. ఆగ్రికాన్‌కు ఒళ్లంతా రుణావేశాలే. అవి సోడియం అయాన్లను, వాటితోపాటు నీటిని లాగి బిగపట్టుకుంటాయి. చిన్న అణువులు ఎలాగోలా పాకిపోతాయి గానీ, సూక్ష్మజీవులను మింగే తెల్లకణాలకు అందులో చొరబడే సందు లేదు. మోకాలి మృదులాస్థికైతే నడిచినప్పుడల్లా స్పాంజిని పిండి వదిలినట్టు కీళ్ల ద్రవం లోపలికీ బయటికీ ఆడుతుంది. చెవి బరువు మోయదు కాబట్టి దానికి ఆ సాయమూ లేదు. గట్టు చెమ్మే దిక్కు.

ఇప్పుడు ఈ మడిలో బెజ్జం పడిందనుకోండి. తమ్మెలో అయితే తెల్లకణాలు కాలవ దారిన నిమిషాల్లో దిగిపోతాయి, 6 నుంచి 8 వారాల్లో గాయం ఓ కొలిక్కి వస్తుంది. పైఅంచున 3 నెలలు పట్టచ్చు, ఏడాదీ పట్టచ్చు. ఈలోగా అక్కడికి చేరే క్రిముల్లో ముఖ్యమైనది సూడోమోనాస్ ఏరుజినోసా. ఏరుజినోసా అంటే చిలుము పట్టినది అని. దాని చీము ఇత్తడి చెంబు చిలుములా పచ్చనీలంగా ఉంటుంది. కుళాయిల్లో, తడి బకెట్లలో, చివరికి మందు సీసాల్లో కూడా బతుకుతుంది. 2000లో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో ఒకే చోట చెవి పైఅంచు కుట్టించుకున్న చాలామందికి ఈ క్రిమి సోకితే ఆరా తీశారు. క్రిములను చంపడానికి వాడే స్ప్రే సీసాలోనే అది కాపురం పెట్టి ఉంది!

చీము పట్టాక జరిగేది ఇంకా ఘోరం. చీము గట్టుకీ మడికీ మధ్య చేరుతుంది. పెరికాండ్రియాన్ని మృదులాస్థి నుంచి లేపేస్తుంది. అంటే గట్టు వెనక్కి జరిగింది, చెమ్మ ఊరాల్సిన దూరం పెరిగింది. మళ్లీ ఆ వర్గం లెక్క గుర్తు చేసుకోండి. రెండు మిల్లీమీటర్లు జరిగినా కణాల ఉపవాసం మొదలైనట్టే. రోజుల్లోనే మృదులాస్థి చచ్చి, కరిగి, చెవి ముడుచుకుపోవచ్చు. చచ్చిన మృదులాస్థి తిరిగి రాదు.

మా మేనకోడలు ఫోన్ పెట్టేముందు ఇంకో మాట చెప్పింది. మెడికల్ షాపులో అడిగితే అమాక్సిసిలిన్ ఇచ్చారట, నాలుగు రోజులుగా వేసుకుంటోందట. సూడోమోనాస్‌కు అమాక్సిసిలిన్ లెక్కే కాదు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్లి చూశాను. చెవి పైసగం వంకాయ రంగుకు తిరిగి, మడతలన్నీ పూడిపోయి ఉంది. కింద తమ్మె మాత్రం ఏమీ ఎరగనట్టు మామూలుగా ఉంది. ఆ గుర్తు మరిచిపోకండి. పైన వాచి, ఎర్రబడి, తమ్మె బాగుందంటే రోగం మృదులాస్థి పొరలో ఉందని అనుమానించి ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. డాక్టరు గారు పోగు తీసి, చిన్న గాటు పెట్టి చీము వదిలించి, సిప్రోఫ్లాక్సాసిన్ రాశారు. వేళకు వెళ్లాం, చెవి ఆకారం దక్కింది.

మా అమ్మ మాత్రం దిష్టి తగిలిందని ఉప్పు తీసి పడేసింది. తీయనీ, దానివల్ల నష్టం లేదు. పసుపూ ఆముదమూ కలిపి పట్టిస్తానంటేనే చెయ్యి పట్టుకున్నాను. చెవిలో ఫలానా చోట కుట్టిస్తే పార్శ్వనొప్పి పోతుందన్న మాటకూ నమ్మదగ్గ ఆధారం లేదు.

అయితే పాతవాళ్లకు ఏమీ తెలియదనుకోకండి. సుశ్రుత సంహిత సూత్రస్థానం 16వ అధ్యాయంలో చెవులు కుట్టే పద్ధతి ఉంది. బిడ్డ చెవిని లాగి పట్టుకుని, ఎండ వెలుగు దూరి కనబడే చోట, దేవుడే పెట్టిన బెజ్జం అన్నట్టున్న చోట కుట్టమన్నాడు. రక్తం ఎక్కువ కారిందంటే చోటు తప్పిందని గుర్తు. వెలుగు పెట్టి లోపలి నాళాలను చూసి తప్పించుకోవడం, ఎంత చక్కని పద్ధతి! కుట్టే గన్నుల విషయానికొస్తే, చాలావాటికి ప్లాస్టిక్ ఒళ్లు, క్రిములను చంపే 121 డిగ్రీల ఆవిరిలో పెడితే కరిగిపోతాయి. స్పిరిట్‌తో తుడవడం ఆవిరిలో ఉడికించడంతో సమానం కాదు. పైన కుట్టించుకోవాలనే ఉంటే, అప్పుడే కవరు చించిన బోలు సూదితో, వాపుకు చోటిచ్చే పొడుగు కాడ పోగుతో, పని తెలిసినవాళ్ల దగ్గర కుట్టించుకోండి.

మా అమ్మకు పైచెవిన బావిలీల బెజ్జాలున్నాయి. పెళ్లికి ముందు కంసాలి తీగ కాల్చి కుట్టాడట, ఆర్నెల్లు చీము కారిందట. ఆ మాట మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. నిన్న రాత్రి కరెంటు పోయినప్పుడు ముగ్గురం సెల్‌ఫోన్ టార్చి చెవి వెనక పెట్టి చూసుకున్నాం. తమ్మెలు నిప్పుకణికల్లా ఎర్రగా వెలిగాయి. పైభాగంలో చర్మంలోని నాళాలు మర్రివేళ్లలా కొమ్మలు వేసి కనిపించాయి. అమ్మ బావిలీల బెజ్జంలోంచి వెలుగు తెల్లగా, సూటిగా వచ్చింది. పిల్ల చెవిలో ఆ చోట ఆవగింజంత నల్లచుక్క ఉంది, వెలుగు దూరలేదు.