భయమేస్తే ఏం చేస్తావని అడిగారు కదా

పిల్లలకు,

మొన్న వచ్చినప్పుడు చిన్నది అడిగింది, "తాతయ్యా, నువ్వు దేవుణ్ణి నమ్మవు కదా, మరి భయమేస్తే ఏం చేస్తావ్?" అని. నవ్వి ఊరుకున్నాను. నిజానికి అప్పుడు జవాబు తట్టలేదు.

భయం నాకూ వేస్తుందర్రా. మా అమ్మ ఆఖరి రోజుల్లో ఆవిడ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకునేది. నేను పక్కన కూర్చుని కాళ్ళు నొక్కుతూ, తర్వాతి మాత్ర ఎన్నింటికో కాగితంలో చూసుకునేవాణ్ణి. ఆవిడకు దక్కిన నెమ్మది నాకు దక్కలేదు. మతం వదిలేస్తే బతుకు తేలికవుతుందని మీకు అబద్ధం చెప్పను. అన్నట్టు, కుర్రతనంలో ఆవిడతో దేవుడి గురించి వాదించి ఏడిపించాను కూడా. నెగ్గాను, ఏం లాభం? హేతువాదమనుకున్నాను గానీ, అది ఒట్టి పొగరు.

నన్ను ఈ దారిలో నిలబెట్టింది ఒక తోకచుక్క. వెనకటికి అది కనబడితే రాజు చస్తాడని, కరువొస్తుందని జనం వణికేవాళ్ళు. ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హేలీ పాత లెక్కలన్నీ ముందేసుకుని, 1531లో, 1607లో, 1682లో వచ్చింది ఒకటేనని, 1758లో మళ్ళీ వస్తుందని చెప్పాడు. 1742లో పోయాడు. 1758 క్రిస్మస్ రాత్రి అది రానే వచ్చింది! ముందుగా చూసింది జర్మనీలో ఖగోళశాస్త్రం సొంతంగా నేర్చుకున్న ఒక రైతు. హేలీని నమ్మాల్సిన పని ఎవరికీ లేకపోయింది. తప్పయితే తప్పని తేలిపోయే మాట చెప్పి వెళ్ళాడాయన. నాకు ముచ్చటేసేది అక్కడే.

అలాగని సైన్సు పేరు చెప్పే మనవాళ్ళు మహా తెలివైనవాళ్ళనుకోకండి. 1910లో అది వచ్చినప్పుడు తోకలో విషవాయువు ఉందని పేపర్లలో చదివి జనం హడలిపోయారు. విరుగుడు మాత్రలంటూ అమ్ముకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ టెన్షనంతా సైన్సు పేరు మీదే. కాబట్టి పంతులు చెప్పినా, ప్రొఫెసర్ చెప్పినా, నేను చెప్పినా, "ఎలా తెలిసింది?" అని అడగండి.

చచ్చాక ఏమవుతామంటారా? నాకు అర్థమైనంతలో ఏమీ కాము. ఈ మాట మింగుడుపడటానికి చాలా ఏళ్ళు పట్టింది. మీరు గుడికో చర్చికో మసీదుకో వెళ్తానంటే నేనేమీ అలగను.

1986లో ఆ తోకచుక్కను చూశాను. తెల్లవారుజామున, అడిగి తెచ్చుకున్న బైనాక్యులర్స్‌లో, దూదిపింజ అంటుకున్నంత మసక. చేతులు వణికి రెండుసార్లు తప్పిపోయింది కూడా.

2061 జులైలో అది మళ్ళీ సూర్యుడి దగ్గరికి వస్తుంది. నేనుండను. తర్వాత నేను కొనుక్కున్న బైనాక్యులర్స్ బీరువా కింది అరలో ఉన్నాయి, అద్దాలు తుడిచి పెట్టాను. కుడివైపు స్క్రూ కొంచెం బిగుతు, నెమ్మదిగా తిప్పాలి.

మీ తాతయ్య