నడిసముద్రంలో ఇంజన్‌కి ఎయిర్ పడితే

తెరచాప పడవకి గాలి ఉండగా ఇంజన్ ఎందుకని చాలామంది అడుగుతారు. ఇరుకు రేవులోకి వచ్చేటప్పుడు, గాలి పడిపోయి ప్రవాహం పడవని రాళ్ల వైపు లాగుతున్నప్పుడు, రేడియోకీ దీపాలకీ బ్యాటరీలు ఛార్జి చెయ్యాల్సినప్పుడు దాని విలువ తెలుస్తుంది. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి, భూమిని చుట్టి 2018 మేలో తిరిగొచ్చిన భారత నౌకాదళ తెరచాప పడవ ఐఎన్ఎస్‌వీ తారిణిలో ఆరుగురు నౌకాదళ అధికారిణులున్నారు. వారిలో ఇద్దరు మనవాళ్లే: విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బి. ఐశ్వర్య. స్టీరింగ్‌లో లోపం వచ్చి వాళ్లు మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. రేవు చేరేదాకా పడవలో ఉన్నవాళ్లే మెకానిక్కులు.

చిన్న పడవల్లో బాగా వాడుకలో ఉన్న ఇంజన్ యాన్మార్ 2జీఎం20. రెండు సిలిండర్లు, 636 సీసీ, సుమారు 18 హార్స్‌పవర్. దీనికి స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని 23వ వంతుకి నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకే గాలి వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అందులోకి చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. 1897లో రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించింది ఈ సూత్రాన్నే. అంటే డీజిల్ సరిగ్గా అందితే చాలు, అది అంటుకుంటుంది. అందుకే నేర్చుకునేవాళ్లు ముందు ఇంజన్ విప్పడం మీద పడకూడదని నా గట్టి అభిప్రాయం. సముద్రంలో ఇంజన్ ఆగిందంటే తప్పు ఎక్కువగా లోపల ఉండదు. డీజిల్ వచ్చే దారిలోనో, ఇంజన్‌ని చల్లబరిచే ఉప్పునీళ్లు వచ్చే దారిలోనో ఉంటుంది. ఆ రెండు దారులూ చీకట్లో చేత్తో తడిమినా తెలియాలి.

డీజిల్ ట్యాంకు నుంచి నీటిని వేరుచేసే ఫిల్టర్‌కీ, ట్యాంకు నుంచి డీజిల్‌ని పీల్చే ఫీడ్ పంపుకీ, సన్న ఫిల్టర్‌కీ, అక్కణ్నుంచి గట్టిగా తోసే ఇంజెక్షన్ పంపుకీ, సిలిండర్‌లోకి చిమ్మే నాజిల్‌కీ వెళ్తుంది. నాజిల్ తెరుచుకోవాలంటే వాతావరణ పీడనానికి సుమారు 170 రెట్లు కావాలి. ఇంజెక్షన్ పంపు ఒక్కో దెబ్బకి తోసే డీజిల్ ఎంతో తెలుసా? ఈ ఇంజన్‌లో ఒక చుక్కలో సగం కూడా ఉండదు. ద్రవం నొక్కితే నలగదు కాబట్టి ఆ కొంచెంతోనే పీడనం అంతెత్తుకి లేస్తుంది. మధ్యలో ఒక గాలి బుడగ దూరిందనుకోండి. పంపు తోసినప్పుడు బుడగ నలుగుతుంది, వదిలినప్పుడు మళ్లీ ఉబ్బుతుంది. నాజిల్ దాకా పీడనమే చేరదు. ఆయిల్ ఇంజన్‌తో చేలకి నీళ్లు తోడిన మన రైతులకి ఇది కొత్తేమీ కాదు. ‘ఎయిర్ పట్టింది’ అంటూ స్పానర్ అందుకునేవాళ్లు.

గాలి తీయడం చూడండి. సన్న ఫిల్టర్ మీది చిన్న స్క్రూని ఒకటి రెండు చుట్లు వదులు చేసి, కింద గుడ్డ పెట్టి, ఫీడ్ పంపు పక్కనున్న మీటని వేలితో కొడుతూ ఉండాలి. మొదట నురగ వస్తుంది. తర్వాత చిటపటమంటూ బుడగలు, ఆ తర్వాత తేనెరంగులో తెంపు లేని ధార. ధార ఆగకముందే, మీట కొడుతూనే స్క్రూ బిగించాలి. ఇంజెక్షన్ పంపు దగ్గరా ఇదే పని. చివరగా నాజిల్ నట్లు వదులు చేసి ఇంజన్ తిప్పితే అక్కడి గాలీ పోతుంది.

అసలు గాలి ఎక్కణ్నుంచి వచ్చింది? ఫీడ్ పంపుకి ముందున్న గొట్టాల్లో డీజిల్‌ని పీలుస్తున్నాం, తోయడం లేదు. అక్కడ జాయింటు వదులైతే డీజిల్ బయటికి కారదు, బయటి గాలే లోపలికి వెళ్తుంది. అందుకే పొడిగా, శుభ్రంగా కనిపించే జాయింటునే ముందు అనుమానించాలి.

ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపలి గాలిలోని తేమ రాత్రి చల్లబడి నీరవుతుంది. డీజిల్‌కీ ఆ నీటికీ మధ్య సరిహద్దులో శిలీంధ్రాలు పెరుగుతాయి. హార్మోకోనిస్ రెసినే అనేది వాటిలో ముఖ్యమైంది. రేవులో కదలకుండా ఉన్నంతకాలం ఆ జిగురు అడుగునే ఉంటుంది. అలలు లేచి ట్యాంకుని కుదిపినప్పుడు పైకి లేచి ఫిల్టర్‌ని మూసేస్తుంది. రేవులో బుద్ధిగా నడిచిన ఇంజన్, సరిగ్గా అవసరమైన వేళకి తుఫానులో ఆగిపోవడానికి కారణం ఇదే.

ఇక ఉప్పునీళ్లు. వాటిని తోడేది రబ్బరు రెక్కల ఇంపెల్లర్. దాన్ని చల్లబరిచేదీ జారనిచ్చేదీ ఆ నీళ్లే. పడవ అడుగున సముద్రపు నీళ్లని లోపలికి వదిలే అడుగు వాల్వు తెరవడం మరిచి స్టార్ట్ చేస్తే కొద్ది నిమిషాల్లోనే రెక్కలు తెగుతాయి. కొత్త ఇంపెల్లర్ వేస్తే పని సగమే అయినట్టు. తెగిన ముక్కలన్నీ దొరికేదాకా గొట్టాలు వెతకాలి, లేకపోతే అవి ముందుకెళ్లి నీటి దారికి అడ్డం పడతాయి.

స్టార్ట్ కాని ఇంజన్‌ని పదేపదే తిప్పుతుంటే ఇంకో ప్రమాదం ఉంది. ఉప్పునీళ్లు చివరికి కలిసేది పొగగొట్టంలోనే. వాటిని బయటికి నెట్టేది పొగ ఒత్తిడి. ఇంజన్ అంటుకోకపోతే పొగ ఉండదు, పంపు మాత్రం తోడుతూనే ఉంటుంది. సైలెన్సర్ నిండి నీళ్లు వెనక్కి తన్ని సిలిండర్‌లోకి చేరితే, నీళ్లు నలగవు కాబట్టి పిస్టన్‌కి బిగించిన కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. కాబట్టి ఎక్కువసేపు తిప్పాల్సి వస్తే అడుగు వాల్వు మూసెయ్యండి. ఇంజన్ అందుకున్న క్షణమే తెరవండి. వెంటనే పడవ వెనక్కెళ్లి, పొగతో పాటు నీళ్లు పడుతున్నాయో లేదో చూడండి. నీళ్లు రాకపోతే ఇంజన్ వెంటనే ఆపెయ్యాలి.