పొలంలో రిగ్గు దిగితే పొలం పోయినట్టు కాదు: బంగారం, రాగి అన్వేషణపై అపోహలు - వాస్తవాలు

పోయిన వారం పొద్దున్నే ఫోను మోగింది. చిత్తూరు జిల్లా గుడుపల్లె మండలంలోని ఒక రైతు. "సార్, పక్క చేనులో బోరు వేసే రిగ్గు దిగింది. ఇక మా భూములన్నీ బంగారు గనికి పోతాయట. టమోటా నారు నాటుకోమంటారా, వద్దా?" గొంతు వణుకుతోంది. నాటుకోమని చెప్పాను. నారు ముదిరిపోతే మళ్లీ కొనుక్కోవాలి, ఆ డబ్బు పుకారు పుట్టించినవాడు ఇవ్వడు.

తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో జియాలజీ చదివి, ఇరవై ఏళ్లుగా బంగారం, రాగి నిక్షేపాల కోసం కొండలూ చేలూ తిరుగుతున్నాను. ఊళ్లు మారాయి కానీ ఈ ప్రశ్న మారలేదు. ఫోనులో ఒక్కొక్కరికీ చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రిగ్గు వచ్చిందంటే గని ఖాయం. భూమి పోకముందే అమ్ముకోవాలి.

ఈ ఒక్క మాట నమ్మి నష్టపోయినంతగా మా రంగంలో మరే మాట నమ్మీ జనం నష్టపోలేదు. రిగ్గు వచ్చేది నేల కింద ఏముందో అడగడానికి. చాలాసార్లు నేల ఇచ్చే జవాబు "ఏమీ లేదు" అనే. జీ-4 అనే తొలి దశలో రాళ్లు, మట్టి, వాగు ఇసుక నమూనాలు తీస్తాం. ఆశ కనిపిస్తే జీ-3లో దూరదూరంగా కొన్ని బోర్లు వేస్తాం. అక్కడా నిలిస్తే జీ-2, ఆపైన జీ-1లో దగ్గర దగ్గరగా బోర్లు వేసి ఎంత ఖనిజం ఉందో లెక్క తేలుస్తాం. ఎక్కువ చోట్ల కథ మొదటి రెండు దశల్లోనే ముగుస్తుంది. లెక్క తేలినా సరే, 2015లో గనులు, ఖనిజాల చట్టం సవరించిన తర్వాత బంగారం, రాగి వంటి ఖనిజాలకు వేలం జరగాలి. ఆ తర్వాత పర్యావరణ అనుమతులు.

మీకు తెలియకుండా ఇవన్నీ జరిగిపోవు. పర్యావరణ అనుమతి కోసం జరిపే ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. 2013 చట్టం కింద భూసేకరణ మొదలుపెడితే నోటిఫికేషన్ గెజిట్‌లో, పత్రికల్లో, మీ పంచాయతీ కార్యాలయంలో కనిపించాలి. ఆ కాగితం ఉందా అని అడగండి. లేదంటే మీకు చెబుతున్నది గాలి కబురు.

చిగురుగుంట, బిసానత్తం సంగతే చూడండి. కొత్తగా వెతికి పట్టుకున్న చోట్లు కావవి, ఒకప్పుడు బంగారం తీసిన గనులు. బంగారం ఉండే రాళ్లు వరుసగా సాగిన కోలార్ పట్టీకి దక్షిణపు కొస మన జిల్లాలోకి వచ్చిన చోట ఉన్నాయి. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్) గనులతో పాటే 2001లో మూతపడ్డాయి, ఆ తర్వాత ఎప్పటికో వేలానికి వచ్చాయి. ఒకసారి నడిచిన గనికే ఇంత కాలం పట్టింది. మీ చేనులో నిన్న వేసిన ఒక్క బోరుతో రేపు ఏమీ మారిపోదు.

నేను చూసినదొకటి చెబుతాను. కుప్పం దగ్గర ఒక ఊరిలో మేం మూడు బోర్లు వేశాం. రెండో బోరు సగంలో ఉండగానే పక్క పొలం ఆయన తన మూడెకరాల మామిడి తోటను సగం ధరకు అమ్మేశాడు. కొన్నది ఒక మధ్యవర్తి. "ప్రభుత్వం వస్తే ఇది కూడా రాదు" అని భయపెట్టాడట. మూడు బోర్లలోనూ చెప్పుకోదగ్గ బంగారం పడలేదు. రిగ్గు సర్దుకొని వెళ్లిపోయాం. రెండేళ్ల తర్వాత వేరే పని మీద ఆ దారిన వెళితే, ఆయన అదే తోటలో కూలికి కాయలు కోస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి, "మీరు ఒక్క మాట ముందు చెప్పి ఉంటే అయ్యేది సార్" అన్నాడు. నిజమే. బోరు వేసిన చేను యజమానికి అన్నీ చెప్పాం, పక్క చేను వాళ్లకు చెప్పలేదు. అప్పటి నుంచి రిగ్గు దించే ముందు చుట్టుపక్కల రైతులందరినీ కూర్చోబెట్టి మాట్లాడకుండా పని మొదలుపెట్టను.

పంట నష్టం సంగతి కూడా. లైసెన్సు తీసుకుని అన్వేషణ చేసేవాళ్లు మీ పంటకు, గట్లకు నష్టం చేస్తే పరిహారం చెల్లించాలని గనులు, ఖనిజాల చట్టం 24ఏ సెక్షన్ చెబుతోంది. మొహమాటపడకండి, అడిగి తీసుకోండి.

అపోహ: ల్యాబు రిపోర్టులో టన్ను రాయికి 12 గ్రాముల బంగారమని ఉంది, కాబట్టి ఈ భూమి బంగారు గని.

ఇది కొనేవాళ్ల పాలిట ఉచ్చు. ఆ కాగితం చూసి బయటి ఊళ్ల నుంచి వచ్చి మూడింతలు పెట్టి కొన్నవాళ్లు ఉన్నారు. నేను మొదట అడిగేది, నమూనా ఎలా తీశారని. ఏరి ఏరి మెరిసే రాయిని ల్యాబుకు పంపితే 12 ఏం ఖర్మ, 30 కూడా రావచ్చు. బోరులోంచి వచ్చిన రాతి కడ్డీని మేం నిలువునా రెండుగా కోసి, ఒక సగం ల్యాబుకు పంపి, రెండో సగం పెట్టెలో దాచుతాం. బంగారం రేణువులు గుంపులుగా ఉండే రాయిలో ఒక సగానికి 12 గ్రాములు వచ్చి, రెండో సగానికి ఒక గ్రాము కూడా రాకపోవడం నేను కళ్లారా చూశాను. అందుకే బోర్లన్నిటి ఫలితాలనూ పొడవుల ప్రకారం సగటు కట్టనిదే మేం నోరు విప్పం.

టన్నుకు 5 గ్రాములున్న మంచి ఖనిజంలోనైనా, కిలో రాయిలో ఉండే బంగారం 5 మిల్లీగ్రాములే. ఆవగింజలో అరభాగం అంటామే, సైజులో అంత కూడా ఉండదు.

అపోహ: మెరుస్తోంది కాబట్టి బంగారమే.

నెలకొకరైనా రాయి చేతిలో పెట్టుకొని వస్తారు. కొట్టిపారేయను, కూర్చోబెట్టి చూపిస్తాను. మెరిసే నలుసును గోటితో గీకితే రేకులుగా లేస్తుందా, అది కాకిబంగారం, అంటే అభ్రకం. సుత్తితో మెల్లగా తడితే పొడిపొడి అయి, పొడి నల్లగా పచ్చ ఛాయతో ఉంటే పైరైట్, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. బంగారం పొడి కాదు, రేకులా సాగుతుంది. ఒక ముసలాయన తాను పదేళ్లు దాచుకున్న రాయిని తానే తట్టి చూసి, నల్లపొడిని తువ్వాలుతో తుడుచుకొని, "పోనీలే, ఇక నిద్ర పడుతుంది" అన్నాడు.

రాగి విషయంలో ఆకుపచ్చ రాయి ఇలాగే మోసం చేస్తుంది. మన గ్రానైటులో కనిపించే పచ్చదనం చాలావరకు ఎపిడోట్ అనే, రాగి లేని ఖనిజం. రాగి వల్ల వచ్చే పచ్చ పూత మాలకైట్, దాని మీద పలుచటి ఆమ్లం చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది, ఎపిడోట్ పొంగదు. పొంగినా పైపూతే కావచ్చు. రాగిని లెక్కించేది శాతాల్లో, 1 శాతం అంటే టన్నుకు 10 కిలోలు. మన రాష్ట్రంలో రాగి చరిత్ర చూడాలంటే పల్నాడులోని అగ్నిగుండాల వైపు వెళ్లాలి.

మిగిలినవి త్వరగా. పాతకాలం వాళ్లు బంగారం మొత్తం తవ్వుకుపోయారన్నది తప్పు. నీళ్లు అడ్డుపడిన చోట వాళ్లు ఆగిపోయారు. 1880లో కోలార్‌లో దిగిన జాన్ టేలర్ కంపెనీ ఆ పాత గుంటల కిందికే వెళ్లి ఛాంపియన్ రీఫ్ అనే బంగారు రాతి పొరను పట్టుకుంది, ఆ గని చివరికి మూడు కిలోమీటర్ల లోతు దాటింది. మా బోరు మీ బోరు నీళ్లు లాగేస్తుందన్నదీ తప్పే. అది కొన్ని అంగుళాల రంధ్రం, నీళ్లు తోడేది కాదు, పని అయ్యాక సిమెంటుతో మూసేస్తాం, మూయకపోతే నిలదీయండి. డైమండ్ డ్రిల్లింగ్ అంటే వజ్రాల కోసం కాదు, కోసే పళ్ల మీద వజ్రపు ముక్కలు ఉంటాయి, అంతే.

పాత గనుల షాఫ్టుల్లోకి, అంటే నిలువు గోతుల్లోకి మాత్రం దిగకండి. పైన పొదలు కమ్మి నోరు కనిపించదు, లోపల గాలి ఆడదు, అడుగున నీళ్లు. మేకల కోసం వెళ్లే పిల్లలకు ఆ గుంటలు ఎక్కడున్నాయో చూపించి, చుట్టూ కంప నాటించండి.